మాస్టర్ చూసే దాటారు

మా నక్షా మాస్టర్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున షోలాపూర్‌లో హోట్గి రోడ్డు దాటుతుంటే టెంపో గుద్దింది. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం ఆగలేదు. నాకు ఫోన్ చేసింది మా అమ్మ. ఏడుస్తూ ఏడుస్తూ ఒక్క ముక్క చెప్పింది: "చూసుకోకుంట దాటిండట బిడ్డా."

నాకు ఏడుపు రాలేదు. ఆ "చూసుకోకుంట" దగ్గరే ఆగిపోయాను. సాయంత్రానికి అదే మాట ఎన్ని నోళ్ళ విన్నానో లెక్క లేదు. పాడె కట్టేవాళ్ళు అన్నారు, పూలు తెచ్చినవాళ్ళు అన్నారు, మాస్టర్‌తో పదేళ్ళుగా మాటల్లేని పాత పక్కింటాయన కూడా వచ్చి తల అడ్డంగా ఊపి అదే అన్నాడు. నలభై ఏళ్ళు చూడడమే పనిగా బతికిన మనిషిని పట్టుకుని చూసుకోలేదంటారా. ఒళ్ళు మండిపోయింది. చావింట్లో గొంతు లేపకూడదని పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. అక్కడ అనలేనివి ఇక్కడ అంటున్నాను. మీకు ఘాటు తగిలితే తగలనివ్వండి.

నక్షా మాస్టర్ అంటే ఎవరో తెలియనివాళ్ళు ఉంటారు. షోలాపూర్ చద్దరు మీద నెమలి ఉంటుంది చూడండి, ఆ నెమలి మొదట నక్షా అనే గడుల కాగితం మీద పుడుతుంది. ఒక్కో గడి ఒక్కో దారం. రంగు నింపిన గడి దగ్గర దారం పైకి లేవాలి, ఖాళీ గడి దగ్గర కిందనే ఉండాలి. ఆ కాగితం చూసి ఇంకొకాయన అట్టలకు చిల్లులు కొడతాడు. ఆ అట్టలన్నీ దండలాగా కుట్టి మగ్గం నెత్తిన ఎక్కిస్తారు. మగ్గానికి కళ్ళు లేవు. చిల్లు ఉంటే దారం లేపుతుంది, లేకపోతే లేపదు. కాబట్టి చూడాల్సిందంతా ఆ కాగితం మీదనే, ముందే, ఒక్క మనిషి చూసి పెట్టాలి. తెలుగు నేతవాళ్ళుండే దాజీ పేటలో ఆ మనిషి మా మాస్టర్.

నాకు ఆయనతో చుట్టరికం లేదు. మా ఇల్లు వాళ్ళింటికి ఎదురు. మా అమ్మ గడప మీద చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. నేను బడి నుంచి రాగానే సంచి విసిరేసి మాస్టర్ బల్ల దగ్గరికి ఉరికేదాన్ని. మొదట పెన్సిళ్ళు చెక్కే పని ఇచ్చారు. తర్వాత గడులు నింపడం. ఆడపిల్లకు నక్షా ఏందని గల్లీలో ఎవరో అడిగితే, గడికి ఆడ మగ ఎరుక లేదని చెప్పి పంపించారట. ఇప్పుడు నేను ఒక తువ్వాళ్ళ కార్ఖానాలో కంప్యూటర్ మీద నక్షాలు వేస్తాను. ఒకసారి ఆయన్ని తీసుకెళ్ళి ఆ తెర చూపించాను. ముక్కు తగిలేంత దగ్గరికి వంగి చూసి, ఇవి కూడా గడులే బిడ్డా, జర సన్నగైనయ్ గంతే అన్నారు. తర్వాత చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

కొత్త చద్దరు మగ్గం దిగిన రోజు మా గల్లీలో ఒక తంతు జరిగేది. రెండిళ్ళ నడుమ తాడు కట్టి చద్దరు వేలాడదీసేవారు. మాస్టర్ గల్లీ చివర నల్లా దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి, కళ్ళు సగం మూసి చూసేవారు. సగం మూస్తే సన్న వివరమంతా అలికినట్టయి పెద్ద ఆకారం ఒక్కటే మిగులుతుంది. "దగ్గరికొస్తె దారం, దూరం పోతె నెమలి. నడుమల ఏ జాగల దారం నెమలైతదో అది తెల్సుకోవాలె" అనేవారు. ఆ జాగా కోసం నన్ను కూడా నల్లా దగ్గర్నుంచి చద్దరు దాకా ఎన్నిసార్లు నడిపించారో. ఒక్కో అడుగు వేస్తూ, నెమలి ఎక్కడ విడిపోయి దారాలయిందో అక్కడ సున్నంతో గీత గీయాలి. మేం కొలిచిన గీతలు గల్లీ బండల మీద చాలా రోజులుండేవి.

అయితే తీర్పు ఆయనది కాదు, కార్ఖానా సేట్‌ది అసలే కాదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళది. వాళ్ళ కళ్ళు పొద్దంతా ఆకు మీద, తంబాకు మీద ఉంటాయి. మాస్టర్ వాళ్ళ ముందు నిలబడి, తల లేపి ఒక్క చూపు చూసి మొదట ఏం తోస్తే అది చెప్పమనేవారు. రెండోసారి చూడనిచ్చేవారు కాదు. ఒకసారి మా అమ్మ తల లేపి, "కోడి" అని, మళ్ళీ ఆకు మీదకి వంగింది. నెల రోజులు కూర్చుని గీసిన నెమలి అది. పక్కవాళ్ళు పడీపడీ నవ్వారు. సేట్ వచ్చి బీడీల ఆడామెకేం తెలుసు, నడిపించమన్నాడు. మాస్టర్ చద్దరు దింపించి, మెడ మళ్ళీ గీశారు. మొదటి చూపుకు కోడి అయినాక, నెమలి అని తర్వాత ఎంత వాదిస్తే ఏం ఫాయిదా అన్నది ఆయన లెక్క.

ఆయన చదివింది నాలుగో తరగతి. కానీ కన్ను ఒక్కటే చూడదని, వెనకాల మెదడు కూర్చుని ఉంటుందని నాకు బడికంటే ముందు చెప్పింది ఆయనే. "కన్ను కూలి మనిషి బిడ్డా. మెదడు సేట్. కన్ను మోసుకొస్తది, ఇది నెమలి అని పేరు పెట్టేది సేట్. ఒకొక్కపారి సరుకు రాకున్నా వచ్చిందంటడు." ఈ మాట చెప్పినప్పుడల్లా చుట్టూ సేట్ ఉన్నాడేమో చూసుకునేవారు. మధ్యాహ్నమంతా ఎర్ర గడులు నింపి, లేచి సున్నం గోడ వైపు చూసి, ఆకుపచ్చ నెమలి వచ్చి కూర్చుందని నవ్వేవారు. ఎరుపు మోసి మోసి అలసిన కన్ను ఎరుపు దించగానే దానికి ఎదురు రంగు చూపిస్తుందని నాకు గోడ మీదనే అర్థమైంది.

ఆయన అంగీ జేబులో ఎప్పుడూ ఒక పాత అట్ట ముక్క ఉండేది. మగ్గం అట్టే, రెండు చిల్లులది. ఒకసారి నేను బూడిద రంగు దారం తెమ్మంటే రంగులాయన ఆకుపచ్చ ఇచ్చాడని పెద్ద గొడవ చేశాను. చద్దరులో ఎర్ర పువ్వు నడుమ ఆ దారం ఆకుపచ్చగా కొడుతోంది. మాస్టర్ అట్ట ముక్క తీసి చద్దరు మీద పెట్టారు. ఒక చిల్లులోంచి అంచు దారం, ఇంకో చిల్లులోంచి పువ్వు నడిమి దారం. చుట్టూ ఎరుపు కప్పేసరికి రెండూ ఒకటే బూడిద. నాకు తల కొట్టేసినట్టయింది. రంగు ఒక్కతే ఉండదు బిడ్డా, పక్కింటోళ్ళను బట్టి ఉంటది అన్నారు. నన్ను తీసుకెళ్ళి రంగులాయనకు క్షమాపణ చెప్పించారు.

ఇంకో ఆట కూడా నేర్పారు. అప్పుడు నాకు పదేళ్ళు. గడుల కాగితం మీద ఎడమ పక్క ఒక చుక్క, కుడి పక్క బొటనవేలి గోరంత నెమలి గీశారు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చుక్కనే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తీసుకోమన్నారు. ఒక చోటికి రాగానే నెమలి మాయమైంది. దాని చోట రంధ్రం కనిపించలేదు, నలుపు కనిపించలేదు. గడులు కనిపించాయి. అక్కడ లేని గడులను ఎవరో గీసి పెట్టారు. నేను భయపడి కాగితం పారేశాను. మాస్టర్ నవ్వి, ఖాళీ జాగ చూస్తే మన లోపలి సేట్‌కు పడదని, చుట్టూ ఏముంటే దాంతోనే నింపేస్తాడని చెప్పారు. కంటి నరం బయటికి పోయే చోట చూపు ఉండదని పదో తరగతి పుస్తకంలో చదివినప్పుడు క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

ఇంత తెలిసిన మనిషి. అందుకే నా కోపం ఒకరి మీద ఆగదు. ఆయన మీద కూడా పోతుంది.

నాలుగేళ్ళ కింద జోడ్‌భావి పేటలో ఒక హాలులో ఎవరో దాతలు కంటి శిబిరం పెట్టారు. గల్లీ గల్లీ అంతా పోయింది. ముందు అక్షరాలు చదివించారట. తర్వాత ఒక అమ్మాయి ఎదురుగా కూర్చుని, నా ముక్కే చూడండి, వేళ్ళు ఎన్నో చెప్పండి అని, మొదట ముఖం ముందర, తర్వాత మెల్లగా పక్కలకు చేతులు జరిపి వేళ్ళు చూపించిందట. పొద్దుటి నుంచి వందమందికి చూపించి విసిగిపోయి ఉంటుంది. రెండు వేళ్ళు, ఒకటి, నాలుగు. మళ్ళీ రెండు, ఒకటి, నాలుగు.

మాస్టర్ తిరిగొచ్చి గల్లీ నడుమ నిలబడి ఈ కథ చెప్పారు. నలభై ఏళ్ళు పువ్వు పక్కన పువ్వు, నెమలి పక్కన నెమలి గీసిన మనిషికి తిరిగి తిరిగి వచ్చేదాన్ని పట్టుకోవడం ఒక పనా. "ఆ పిల్ల మూడు గడుల రిపీట్ పెట్టింది బిడ్డా. రెండో తాపకే నాకు సమజైంది. ఇగ చూసేదేమున్నది, చెప్పుకుంట పోయిన." చూపు బాగుందని చీటీ రాసి ముద్ర కొట్టిచ్చారు. ఆడవాళ్ళు చేటలు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. మా మాస్టర్ తెలివి చూడండని కార్ఖానాలో కూడా చెప్పుకున్నాను. వేళ్ళు కనిపించాయా మాస్టర్ అని ఒక్క ముక్క అడగలేదు. బూడిద రంగు దారానికి గొడవ పెట్టుకున్న నోరు ఆ రోజు ఎక్కడికి పోయిందో.

ఆ తర్వాత ఏడాదికి ఒక చద్దరు నక్షా తప్పయింది. వరసలో కుడి చివరి నెమలికి తల మీద కుచ్చు లేదు. కాగితం మీద ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. చిల్లులు కొట్టేవాడు ఉన్నది ఉన్నట్టు కొట్టాడు, మగ్గం ఉన్నది ఉన్నట్టు నేసింది. గల్లీలో తాడు కట్టే తంతు అప్పటికే మానేశారు, సేట్‌కు తీరిక లేదట. సరుకంతా నేసి మడత పెట్టాక ఎవరో చూశారు. బోడి నెమలి. నక్షా తెప్పించారు. చిల్లులు కొట్టేముందు మాస్టర్ దాన్ని ఎప్పటిలాగే పూర్తిగా చూసి, బాగుందని చెప్పే పంపారు.

సేట్ పనివాళ్ళందరి ముందు కాగితం ఊపుతూ, తాగి గీసినవా అన్నాడు. మాస్టర్ కల్లు కూడా ముట్టినవాడు కాదు, అది సేట్‌కూ తెలుసు. మాస్టర్ ఒకటే మాట అన్నారట. "నేను చూసిన సేట్. నిండుగనే ఉండె." పనివాళ్ళు నవ్వారు. ఖాళీ గడులు కళ్ళ ముందు పెట్టుకుని నిండుగా ఉన్నాయంటే ఎవరు నవ్వరు. ఆ రోజే ఇంటికి పంపేశారు. ఆయన అబద్ధమాడలేదు. ఆయనకు నిండుగానే కనిపించింది. ఆ మాట సేట్‌కు తెలియదు, పనివాళ్ళకు తెలియదు. నాకు తెలియాలి. గడులు తమంతట తామే నిండిపోవడం పదేళ్ళ వయసులో నా కంటితో నేను చూశాను. కానీ నేనేం చేశాను? సాయంత్రం వాళ్ళింటికి పోయి, పోనీ మాస్టర్, వయసైంది, ఒకసారి తప్పవుతుంది అన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయారు. సేట్ మాటకు కూడా ఆయన అంత నొచ్చుకోలేదని చిన్నమ్మ తర్వాత చెప్పింది.

చిన్నమ్మ అంటే మాస్టర్ ఇంటామె. దాజీ పేట ఇల్లు వదిలి వాళ్ళు హోట్గి రోడ్డు పక్క కాలనీలో రెండు గదుల్లోకి మారారు. ఒకరోజు నేను పోయేసరికి ఆమె తిట్ల దండకం చదువుతోంది. ఈ మనిషి తలుపు చెక్కకు గుద్దుకుంటాడు, చెంబు తన్నుకుంటాడు, పక్కన కూర్చున్న మనిషిని పట్టుకుని ఎప్పుడొచ్చినవ్ అంటాడు, మతి ఎక్కడ పెట్టుకున్నాడో అని. నాకు అప్పుడు శిబిరం గుర్తొచ్చింది. మాస్టర్‌కు ఎదురుగా కూర్చుని, నా ముక్కే చూడండి అని, రెండు చేతులూ పక్కలకు చాపి వేళ్ళు తెరిచాను. వరస లేకుండా, తోచినట్టు.

ఆయన నా ముక్కే చూస్తూ కూర్చున్నారు. నేను వేళ్ళు ఆడించాను. చిన్నమ్మ తిట్టడం ఆపి నిలబడింది. కాసేపటికి మాస్టర్ అన్నారు, "ఊ, పెట్టు మరి బిడ్డా."

మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. యంత్రంలో తల పెట్టించి, చుక్క వైపే చూస్తూ వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆ యంత్రానికి వరస లేదు. మాస్టర్ చాలాసేపు మీట పట్టుకుని ఊరికే కూర్చున్నారు. నీటికాసులని, గ్లాకోమా అని చెప్పారు డాక్టరు. రెండు కళ్ళకూ. నొప్పి ఉండదు, మంట ఉండదు, అంచుల నుంచి చూపును తింటూ నడిమికి వస్తుంది. పోయింది రాదు, మిగిలింది చుక్కల మందుతో కాపాడుకోవాలి. ఆ శిబిరంలోనే తెలిసుంటే ఇంకా చాలా మిగిలేదని కూడా అన్నారు. చూపు బాగుందన్న ముద్ర చీటీ అప్పటికీ మాస్టర్ సంచిలో భద్రంగా ఉంది. దాన్ని అక్కడే చింపుదామనుకున్నాను, మాస్టర్ ఎదురుగా ఉన్నారని ఊరుకున్నాను.

డాక్టరు యంత్రంలోంచి వచ్చిన కాగితం ఇచ్చారు. గడులు గడులుగా ఉంది. నడుమ కొంచెం తెలుపు, చుట్టూ బూడిద, ఆ చుట్టూ నల్లగా నింపిన గడులు. మాస్టర్ దాన్ని అలవాటుగా అందుకుని, దూరంగా పట్టుకుని, కళ్ళు సగం మూసి చూశారు.

"ఇది ఎవరి నక్షా?"

"మీదే మాస్టర్. నల్లగున్న కాడ మీకు చూపు లేదట."

ఆయన చాలాసేపు కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. తర్వాత గది చూశారు, గోడలు చూశారు, నన్ను చూశారు. "నాకు నలుపు ఎక్కడ కనవడ్తలేదు బిడ్డా. నలుపు కనవడితె నేను పట్టకపోదునా? అంతా నిండుగనే ఉన్నది."

ఆటోలో వస్తుంటే నాకు కోపం ఆగలేదు. నాకు నెమలి మాయం చేసి చూపింది మీరే కదా, లోపలి సేట్ లేని సరుకు ఉందంటాడని చెప్పింది మీరే కదా, మీ కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎట్లా నమ్మారు, ఆ వేళ్ళు అసలు కనిపించాయా లేదా అని అరిచాను. ఆటోవాడు అద్దంలోంచి చూస్తున్నాడు. మాస్టర్ ఆలోచించి, కనవడ్డట్టే ఉండె అన్నారు. మళ్ళీ, "నేర్పినోడు గూడ ఈ కండ్లే పెట్టుకొని తిరుగుతడు గద బిడ్డా" అన్నారు. ఇల్లు వచ్చేదాకా ఆయన జేబులోని అట్ట ముక్కను వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నారు.

ఆ రోజు నుంచి ఆయన చూడడం మళ్ళీ నేర్చుకున్నారు. కంటి అంచును నమ్మొద్దని, మెడ తిప్పి నడిమి చూపుతో వెతుక్కోవాలని డాక్టరు చెప్పారు. అరవై దాటిన మనిషి పొద్దున్నే వాకిట్లో నిలబడి కుడి, ఎడమ, మళ్ళీ కుడి అని మెడ తిప్పడం సాధన చేసేవారు. మగ్గంలో నాడె పోయినట్టు తల అటూ ఇటూ పోతుందని చిన్నమ్మ వెక్కిరించేది. ఆయనా నవ్వేవారు, నవ్వుతూనే తిప్పేవారు. రోడ్డవతల ఒక చాయ్ బండి ఉంది. రోజూ ఒక్కరే దాటి వెళ్ళి చాయ్ తాగి రావడం ఆయన పంతం. నేను వద్దన్నాను. చెయ్యి పట్టుకుని తీసుకుపోతానన్నాను. చూపు తగ్గింది, కాళ్ళు తగ్గలేదన్నారు. నేనింకా గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు.

పెద్దకర్మ కాకముందే నేను ఆ చాయ్ బండి దగ్గరికి పోయాను. అందరూ చూసుకోలేదన్నారు కదా, మరి చూసిందెవరో అడుగుదామని. బండాయన మరాఠీ మనిషే అయినా మా వాళ్ళతో ఉండి ఉండి మన మాట బాగా వచ్చింది. ఆయన్ని అప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదట. టెంపో తోలినవాడు చెప్పిందే అందరూ పట్టుకుపోయారట.

"రోజులెక్కనే నిలవడ్డడు. కుడి దిక్కు చూసిండు, ఎడమ దిక్కు చూసిండు, మల్ల కుడి. ఏక్‌దమ్ నిమ్మళంగ చూసిండు తాయీ. వస్తుండని నేను గ్లాస్ గూడ కడిగి పెట్టిన. గప్పుడే సందుల నుంచి టెంపో మళ్ళింది."

మాస్టర్ దూరం చూశారు. సందులోంచి దగ్గరగా మళ్ళిన టెంపో ఆయన నడిమి తెలుపులో పడలేదు. నల్ల గడుల్లో పడింది. ఆ గడుల్లో ఆయనకు నలుపు కనిపించదు. చుట్టూ ఏముంటే అదే కనిపిస్తుంది. చుట్టూ ఉన్నది ఖాళీ రోడ్డు.

మరి మీ సంగతేంది? ఆ రోజు అక్కడ లేకుండానే చూసుకోలేదని తేల్చేసిన మీ అందరి సంగతి? మీ కళ్ళల్లో నీటికాసులు లేవు కదా. ఆ పొద్దున రోడ్డు మీద ఆయన ఎలా నిలబడ్డారో మీకు తెలియదు. తెలియని జాగాను ముసలోడు, మతిలేదు, తాగిండేమో అని చేతికందిన దాంతో నింపేసుకున్నారు. సేట్ కూడా ఖాళీ గడులు చూసి తాగుడుతో నింపాడు. నేనూ వయసుతో నింపాను. మాస్టర్ తనకు కనిపించని చోటును వెతకడానికి కనీసం రోజూ మెడ తిప్పారు. మనమెవరమూ అంత మాత్రం తిప్పలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు ఇప్పుడు అందరికీ ఆయన కళ్ళు గొప్పవైపోయాయి. దాజీ పేటలో మా గల్లీ మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించారు, సేటే కట్టించాడు. కళకు కన్నులాంటివాడని రాయించాడు. పైన మాస్టర్ బొమ్మ, కింద దండం పెడుతున్న సేట్ బొమ్మ, దానికంటే పెద్దది. నేను గల్లీ చివర నల్లా దాకా నడిచి, వెనక్కి తిరిగి, కళ్ళు సగం మూసి చూశాను. ఆయన నేర్పిన పరీక్షే. అక్కణ్ణుంచి సేట్ ఒక్కడే కనిపిస్తున్నాడు. గడప మీద మా అమ్మ ఉంటే, తల లేపి ఒక్క చూపు చూసి చెప్పమన్నాను. చూసింది. ఎవరు చచ్చిపోయిండ్రో సమజైతలేదు బిడ్డా అంది. మళ్ళీ ఆకు మీదకి వంగింది.

చిన్నమ్మ నాకు ఆ అట్ట ముక్క ఇచ్చింది. ఆసుపత్రివాళ్ళు అంగీతో పాటు ఇచ్చిన మూటలో ఉందట. ఒక మూల నలిగింది, రెండు చిల్లులూ బాగానే ఉన్నాయి. అది జేబులో పెట్టుకుని నిన్న పొద్దున ఆయన దాటే వేళకు హోట్గి రోడ్డుకు పోయాను. ఆయన నిలబడే చోట నిలబడ్డాను. అవతల బండాయన నన్ను చూసి తలూపాడు. కుడి చూశాను, ఎడమ చూశాను, మళ్ళీ కుడి. తర్వాత ఎడమ కన్ను మూసి, కొంచెం కుడిగా అవతలి కరెంటు స్తంభం మీద చూపు నిలిపాను, పదేళ్ళప్పుడు చుక్క మీద నిలిపినట్టు.

కుడి వైపు దూరంగా ఎర్ర టెంపో ఒకటి వస్తోంది. అది అలా వస్తూ వస్తూ ఒక చోట లేకుండా పోయింది. దాని చోట నలుపు లేదు, మసక లేదు, రంధ్రం లేదు. రోడ్డు ఉంది. ఎండ పడి మెరుస్తున్న తారు, పక్కన తెల్ల గీత, అంతా నిండుగా ఉంది.

దాటొచ్చనిపించింది. నా కుడి కాలు అప్పటికే గట్టు దిగింది.